కింద మడిగెలు, పైన ఫ్లాట్లు: మీ కాలనీ ఏం అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హనుమకొండలో మీ కాలనీ మొగదల మూతబడిన సినిమా హాలు స్థలం దాదాపు 2,500 గజాలు ఉంది. ముందు 60 అడుగుల రోడ్డు, వెనక మీ ఇళ్లున్న 30 అడుగుల గల్లీ. స్థలం తీసుకున్న బిల్డర్ కింద రెండంతస్తులు షాపులు (మడిగెలు), వాటి మీద నాలుగంతస్తుల్లో 40 ఫ్లాట్లు, అడుగున ఒక సెల్లార్ కడతానంటున్నాడు. సూపర్ మార్కెట్, మెడికల్ షాపు దగ్గరికొస్తాయని కాలనీలో సగం మంది సంబరపడుతుంటే, ట్రాఫిక్, బారు, రాత్రిళ్లు గోల అని మిగతా సగం టెన్షన్ పడుతున్నారు. అడ్డుకోవాలా, అడ్డుకోగలమా, కాదంటే ఏం అడగాలి అన్నారు. వెనక గల్లీలో ఉన్న మీ సొంత ఇంటి విలువ సంగతి కూడా అడిగారు.

నేను మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగంలో ఉద్యోగమంతా చేసి రిటైరైనవాణ్ని. ఇలాంటి ఫైళ్లు చాలా చూశాను కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంటి కింద షాపు ఉండటంతో నాకు ఏ పేచీ లేదు. ఏ షాపు, ఎన్ని గంటలదాకా, దానికొచ్చే బండ్లు ఎక్కడ ఆగుతాయి, చెత్త ఎటు పోతుంది, పైవాళ్ల మెట్లు ఎక్కడ మొదలవుతాయి అన్నవి ఎవరూ కాగితం మీద పెట్టకపోవడంతోనే నాకు పేచీ. మీరు "వద్దు", "కావాలి" అని రెండు జట్లుగా వాదులాడుకుంటున్నంత కాలం ఆ రాతకోతలు జరగవు. బిల్డర్‌కి కూడా అదే హాయి.

అసలు మన ఊళ్లు పుట్టుకతోనే ఇలాంటివి. హైదరాబాద్ బేగంబజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్, విజయవాడ వన్‌టౌన్ ఎక్కడ చూసినా కింద దుకాణం, పైన కాపురం. ఇళ్లన్నీ ఒకచోట, అంగళ్లన్నీ ఇంకోచోట ఉండాలన్న పద్ధతి లేఅవుట్లు, హౌసింగ్ బోర్డు కాలనీలు వచ్చాక బలపడింది. అది కూడా ఎక్కువకాలం నిలవలేదు. హైదరాబాద్ కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ (కేపీహెచ్‌బీ) సంగతే చూడండి. తక్కువ, మధ్య ఆదాయ కుటుంబాల ఇళ్లుగా (ఎల్‌ఐజీ, ఎంఐజీ) కట్టిన కాలనీ. ఇవాళ కాస్త వెడల్పు రోడ్డు మీద ఉన్న ప్రతి రెండో ఇంటి ముందు షట్టరో, టిఫిన్ సెంటరో, హాస్టల్ బోర్డో కనిపిస్తుంది. జనానికి కావలసింది ప్లాన్‌లో చోటు దొరకకపోతే ప్లాన్‌ను పక్కకు నెట్టుకుని మరీ వస్తుంది. అలా వచ్చినప్పుడు పార్కింగ్ ఉండదు, మంటలొస్తే బయటపడే దారి ఉండదు, అడిగేవాడూ ఉండడు.

ఇలా కళ్లు మూసుకోవడం ఎక్కడికి దారి తీస్తుందో ఢిల్లీ చూపించింది. దశాబ్దాల పాటు నివాస కాలనీల్లో షాపులు పెరుగుతుంటే అందరూ ఊరుకున్నారు. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ షాపులకు సీళ్లు వేయడం మొదలైంది, వ్యాపారులు రోడ్డెక్కారు, ఊరు అట్టుడికింది. చివరికి 2007 ఫిబ్రవరిలో వచ్చిన మాస్టర్ ప్లాన్‌లో నిబంధనలు రాసుకోవాల్సి వచ్చింది. ఏ వీధులు మిశ్రమ వినియోగానికి (ఇళ్లు, షాపులు కలిసి ఉండటానికి), ఏ వీధుల్లో కింది అంతస్తుకే షాపు, నివాస వీధిలో నిత్యావసరాలు అమ్మే చిన్న కొట్టు ఎంతవరకు (20 చదరపు మీటర్లు), డాక్టరో లాయరో తన ఇంట్లో ఎంత భాగం వాడుకోవచ్చు... ఇవన్నీ. ముందే రాసుకుని ఉంటే సగం గొడవ తప్పేది. జపాన్‌వాళ్లు ఈ పని మొదట్లోనే చేశారు. అక్కడ అన్నిటికన్నా కఠినమైన నివాస జోన్‌లో కూడా ఇంటితో కలిసి ఉండే దుకాణానికి అనుమతి ఉంది. 50 చదరపు మీటర్లు దాటకూడదు, ఇంటి విస్తీర్ణంలో సగానికి మించకూడదు.

ఇక మీ స్థలం. అడ్డుకోగలమా అన్నదానికి జవాబు ఒకే కాగితంలో ఉంటుంది: కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చే ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్, అంటే భూ వినియోగ ధ్రువపత్రం. సర్వే నంబరు పెట్టి అడిగితే మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం ఏ రంగులో ఉందో చెప్తారు. సినిమా హాలు నడిచింది కాబట్టి కమర్షియలే అయి ఉంటుందని ఊహించుకోకండి. చుట్టూ ఉన్న బ్లాకంతా నివాసంగా గుర్తించి, హాలును పాత వాడకంగా వదిలేసిన సందర్భాలు ఉంటాయి. నివాస జోన్ అయితే బిల్డర్ భూ వినియోగ మార్పిడికి వెళ్లాలి. దానికి ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు పిలవాలి. అక్కడ మీ మాటకు చట్టంలోనే చోటుంది. ఆ చోటు ఉత్తుత్తిది కాదు. 2023 జనవరిలో కామారెడ్డి, జగిత్యాల రైతులు ముసాయిదా మాస్టర్ ప్లాన్ల మీద కదిలితే మున్సిపల్ కౌన్సిళ్లు వాటిని వెనక్కి తీసుకుంటూ తీర్మానాలు చేశాయి.

సర్టిఫికెట్‌లో కమర్షియల్ అనో, మిశ్రమ వినియోగం అనో ఉంటే మాత్రం ఆశలు పెట్టుకోవద్దు. నిబంధనల ప్రకారం ఉన్న ప్లాన్‌ను కాలనీవాళ్లకు ఇష్టం లేదన్న కారణంతో ఆపే అధికారం కమిషనర్‌కి కూడా లేదు. ఇళ్ల అనుమతికి ముందు ఇరుగుపొరుగును సంప్రదించాలన్న నియమం మన దగ్గర లేదు. పైగా ఆన్‌లైన్ అనుమతుల విధానం (టీజీ బీపాస్) వచ్చాక పెద్ద భవనాల ఫైలు కూడా 21 రోజుల్లో తేలిపోవాలి. మీరు మీటింగులు పెట్టుకునేలోపు అనుమతి చేతికొచ్చేస్తుంది. కాబట్టి ఇప్పుడే, ప్లాన్ ఆఫీసుకు వెళ్లకముందే బిల్డర్‌తో కూర్చోండి. డ్రాయింగ్ కంప్యూటర్‌లో ఉన్నప్పుడు మెట్లు పక్కకు జరపడానికి అతనికి పైసా ఖర్చు కాదు. స్లాబ్ పడ్డాక ఎవరూ జరపరు.

మొదట పార్కింగ్ లెక్క తీయండి. దీన్ని నేనే వేసి చూపిస్తాను. 2,500 గజాలంటే 22,500 చదరపు అడుగులు. చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం (సెట్‌బ్యాక్) పోగా భవనం కూర్చునేది ఉజ్జాయింపుగా 11,000 అడుగులు. సెల్లార్‌ను కొంచెం విస్తరించి 14,000 అనుకుందాం. కారు నిలబడే చోటు, అది తిరిగే దారి, ర్యాంపు, స్తంభాలు కలుపుకుంటే ఒక్కో కారుకి 300 నుంచి 350 అడుగులు పోతాయి. అంటే సెల్లార్‌లో పట్టేది 40 నుంచి 46 కార్లు. ఫ్లాట్లే 40. సెల్లార్ అక్కడికే సరి. వాళ్ల బైకులు, చుట్టాల కార్లు ఇంకా లెక్కలోకి రాలేదు. రెండంతస్తుల షాపులు 22,000 అడుగులు ఉంటాయి. వాటికొచ్చే జనం ఎక్కడ ఆపుతారు? ముందు రోడ్డు మీద, అది నిండితే మీ గల్లీలో. బిల్డర్ నిబంధనల్లోని శాతం చూపించి సరిపోయిందంటాడు. అది నిజమే అయి ఉండొచ్చు. నిబంధన అడిగేది విస్తీర్ణంలో శాతం, సాయంత్రం ఏడింటికి ఎన్ని బండ్లు వస్తాయని అది అడగదు.

ఇక్కడ ఒక తిరకాసు మాట వినిపిస్తుంది. "షాపులవాళ్లు పగలు వాడుకుంటారు, ఫ్లాట్లవాళ్లు రాత్రి వాడుకుంటారు, ఒకే పార్కింగ్ ఇద్దరికీ సరిపోతుంది" అంటారు. బ్యాంకు, ఆఫీసు, ట్యూషన్ సెంటర్ లాంటివైతే కొంతవరకు ఒప్పుకోవచ్చు. సూపర్ మార్కెట్‌కి, హోటల్‌కి, బట్టల షాపుకి అది వర్తించదు. జనం వాటికొచ్చేది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. ఫ్లాట్లవాళ్లు ఆఫీసుల నుంచి ఇళ్లకు చేరేదీ అప్పుడే. అందుకే నేనైతే రెండో అంతస్తు షాపులు ఎత్తేసి అక్కడ క్లినిక్‌లు, ఆఫీసులు పెట్టమని అడుగుతాను, లేదా రెండో సెల్లార్ అడుగుతాను. రెండో సెల్లార్ ఖర్చు ఎక్కువ కాబట్టి షాపుల బదులు ఆఫీసులు పెట్టడానికే ఒప్పుకుంటాడు. నిజానికి మన ఊళ్లలో పై అంతస్తు షాపులు సగం ఖాళీగా పడి ఉంటాయి, మెట్లెక్కి కొనే అలవాటు మనకు తక్కువ. ఆ మాట బిల్డర్‌కి మీకంటే బాగా తెలుసు.

వెనక గల్లీ మీ ప్రాణవాయువు. ప్లాన్‌లో అటువైపు ఒక్క షట్టర్ కూడా ఉండకూడదని మొదటి షరతుగా పెట్టండి. మొదట్లో గోడే చూపిస్తారు. తర్వాత మడిగెకు మంచి ధర వస్తుందని గోడ కొట్టి షట్టర్ దించుతారు. వెనక నడిచి వెళ్లే చిన్న గేటు మాత్రం ఉండనివ్వండి, అది మీకే మంచిది. పెద్దవాళ్లు మందులకి, పిల్లలు పాల ప్యాకెట్‌కి రోడ్డు చుట్టి పోనక్కర్లేదు. సరుకు దించే లారీలు ఎటు నుంచి వస్తాయి, ఎన్ని గంటలకు వస్తాయి అన్నది కూడా డ్రాయింగ్ మీదే గుర్తు పెట్టించండి.

అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టాల్సింది మెట్ల గురించి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కాలనీ మీటింగుల్లో బారు గురించి రెండు గంటలు మాట్లాడతారు, మెట్ల గురించి ఎవరూ నోరెత్తరు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలొచ్చి ఎనిమిది మంది పోయారు. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ అడుగున పెట్టిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం తొమ్మిది మంది పోయారు. 2025 మేలో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద దుకాణాలు, పైన ఇల్లు ఉన్న పాత భవనంలో పదిహేడు మంది, అందులో పిల్లలే ఎనిమిది మంది. మూడు చోట్లా కథ ఒకటే. మంట పుట్టింది కింద, మనుషులున్నది పైన. పొగ పైకి ఎక్కింది. కిందికి దిగే దారి ఆ పొగలోనుంచే. గుల్జార్ హౌజ్‌లో ఉన్నది ఒకే ఒక్క ఇరుకు మెట్లదారి.

కాబట్టి ఫ్లాట్ల మెట్లు, లిఫ్టు షాపుల లాబీలోకి తెరుచుకోకూడదు. వాటికి విడిగా బయటి గాలిలోకి దారి ఉండాలి. రెండో మెట్లదారి భవనం అవతలి చివర ఉండాలి, రెండూ పక్కపక్కనే ఉంటే ఒకటి ఉన్నట్టే లెక్క. సెల్లార్ నుంచి పైకొచ్చే మెట్లు, ఫ్లాట్ల మెట్లు ఒకే గొట్టంలా నిలువునా కలిసిపోకుండా మధ్యలో మంటను ఆపే గోడ, తలుపు ఉండాలి. కరెంటు మీటర్ల ప్యానెల్ మెట్ల కింద పెట్టడం మన దగ్గర పెద్ద జాడ్యం. దాన్ని విడి గదిలోకి మార్పించండి. సెల్లార్‌లో ఏ షాపుకీ గోదాము ఇవ్వకూడదు. అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఫైర్ ఎన్‌ఓసీ) కాపీ అడిగి తీసుకోండి, చూపిస్తానంటే ఊరుకోవద్దు. ఫైరింజను నాలుగు వైపులా తిరగడానికి వదిలిన సెట్‌బ్యాక్‌లో రేకుల షెడ్డు, జనరేటర్, టీ బండి ఏదొచ్చినా మొదటి రోజే అభ్యంతరం చెప్పాలి. ఏడాది ఊరుకుంటే అది తమ హక్కే అన్నట్టు మాట్లాడతారు.

ఇప్పుడు మీరంతా భయపడే బారు దగ్గరికొద్దాం. మున్సిపాలిటీ ఇచ్చే అనుమతిలో "కమర్షియల్" అని మాత్రమే ఉంటుంది. మందుల షాపు కమర్షియలే, వైన్ షాపు కమర్షియలే. ఇవాళ బిల్డర్ బ్రోచర్‌లో సూపర్ మార్కెట్ బొమ్మ వేస్తాడు, మడిగెలు అమ్ముకుని వెళ్లిపోతాడు. కొన్నవాడు ఎవరెక్కువ అద్దె ఇస్తే వాళ్లకిస్తాడు. కాబట్టి బొమ్మను నమ్మకండి. ఏ వ్యాపారాలు రాకూడదో ఒక పట్టిక రాయించి, దాన్ని ప్రతి మడిగె సేల్ డీడ్‌లోనూ, తర్వాత ఏర్పడే సంఘం బైలాల్లోనూ ఒకే మాటలతో పెట్టించండి. రిజిస్టరైన దస్తావేజులో ఉంటే రెండోసారి కొన్నవాడు "నాకు తెలీదు" అనలేడు, కోర్టుకి వెళ్లాల్సొచ్చినా చేతిలో ఆధారం ఉంటుంది. పట్టికలో బారు, వైన్స్, పబ్, గ్యాస్ సిలిండర్ల నిల్వ, పెయింట్లు, రసాయనాలు, వెల్డింగ్, బ్యాటరీ ఛార్జింగ్ దుకాణం, రాత్రంతా నడిచే వంటశాల ఉండాలి.

రెండు కొత్త రకాలు మర్చిపోకండి. ఒకటి, నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌ల స్టోర్లు. కాగితం మీద అది కిరాణా షాపు. వాస్తవంలో గోదాము, తెల్లారేదాకా ముందు పదుల కొద్దీ బైకులు. రెండోది, హాస్టళ్లు. హనుమకొండలో కాలేజీలు, కోచింగ్ సెంటర్లు ఎన్ని ఉన్నాయో నేను మీకు చెప్పాలా? పై ఫ్లాట్లను ముగ్గురు నలుగురు కలిపి కొని ఒక అంతస్తు మొత్తం హాస్టల్ చేస్తారు. ఒక్కో ఫ్లాట్‌లో నలుగురుంటారని లెక్కేసిన నీళ్లు, లిఫ్టు, డ్రైనేజీ పదిహేను మందికి చాలవు. పిల్లల మీద కోపం అక్కర్లేదు, హాస్టల్‌కి తగ్గట్టు కట్టిన భవనంలో హాస్టల్ పెట్టమనండి.

గోల సంగతిలో చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. రాత్రి అంటే పది నుంచి ఆరు. మిశ్రమ ప్రాంతానికి విడిగా అంకె లేదు, ఉన్న వర్గాల్లో ఏదో ఒకదాని కింద అధికారులు ప్రకటించాలి. ప్రకటన లేకపోతే ఫిర్యాదు చేసిన ప్రతిసారీ ఇది కమర్షియల్ అని వాళ్లు, కాదు నివాసం అని మీరు. పై నాలుగంతస్తులు, వెనక గల్లీ మొత్తం నివాసం కాబట్టి నివాస పరిమితే పాటిస్తామని బిల్డర్ రాసిచ్చేలా చూడండి. అది చట్టపరమైన ప్రకటనకు సమానం కాదు, అయినా సంఘం ఏర్పడ్డాక బైలాకి పునాది అవుతుంది. హోటల్ వస్తుందనుకుంటే పొగగొట్టం టెర్రస్ దాటి పైకి పోయే డక్ట్ ఇప్పుడే కట్టించాలి. లేదంటే పైవాళ్ల కిటికీ ముందు ఫ్యాను పెట్టి పొగ వదులుతారు. డ్రైనేజీలోకి నూనె పోకుండా ఆపే తొట్టి కూడా అప్పుడే.

ఫ్లాట్లు కొనాలనుకుంటున్న మీ కాలనీవాళ్లకి వేరే మాట. స్థలంలో విడదీయని ఉమ్మడి వాటా (యూడీఎస్) ఎవరికెంతో చూడండి. షాపులకు పెద్ద వాటా ఇచ్చి, సంఘంలో ఓట్లు వాటా ప్రకారం అని రాస్తే, నలుగురు మడిగె యజమానులు నలభై కుటుంబాల మీద పెత్తనం చేస్తారు. మెయింటెనెన్స్ ఖాతాలు రెండుగా ఉండాలి. లిఫ్టు వాడని షాపువాడు లిఫ్టు బిల్లు కట్టనంటాడు, న్యాయమే. అలాగే షాపుల ముందు లైట్లకు, సెక్యూరిటీకి ఫ్లాట్లవాళ్లు ఎందుకు కట్టాలి? కరెంటు ఎలాగూ వేరు కేటగిరీలు: ఇళ్లకు ఒకటో కేటగిరీ, షాపులకు రెండోది. నీళ్ల సంపు, మోటారు కూడా విడిగా ఉంటే జీవితాంతం ఒక తగాదా తగ్గుతుంది. టెర్రస్ మీద హోర్డింగ్, సెల్ టవర్ అద్దె ఎవరిదో ఇప్పుడే తేల్చుకోండి.

ఈ ప్రాజెక్టు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదు కావాల్సిందే, 500 చదరపు మీటర్ల స్థలం లేదా ఎనిమిది యూనిట్లు దాటితే తప్పదు. నమోదయ్యాక ప్లాన్లు, వివరాలు రెరా వెబ్‌సైట్‌లో అందరికీ కనబడతాయి. బిల్డర్ మీకు చూపించిన డ్రాయింగ్, అక్కడ పెట్టిన డ్రాయింగ్ ఒకటో కాదో పోల్చి చూసుకోండి. ఆ తర్వాత ప్లాన్ మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వక అంగీకారం ఉండాలి. ఇంకో పట్టు కూడా ఉంది. అనుమతి ఇచ్చేటప్పుడు కట్టడంలో 10 శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకుంటారు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారు, వాడుకోవచ్చు అనే పత్రం) వచ్చాకే వదులుతారు. ప్లాన్ తప్పి కట్టినట్టు మీకు కనిపిస్తే ఫోటోలతో సహా ఫిర్యాదు ఆ సర్టిఫికెట్ రాకముందే పడాలి. వచ్చాక ఇచ్చే ఫిర్యాదు ఎక్కువగా ఫైల్లోనే నిద్రపోతుంది.

వినతిపత్రం రాసేటప్పుడు "కాలనీ ప్రశాంతత దెబ్బతింటుంది" లాంటి మాటలతో పేజీలు నింపకండి. అలాంటివి నా టేబుల్ మీదికి వస్తే నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. సర్వే నంబరు, రోడ్డు వెడల్పు టేపు పెట్టి కొలిచిన అంకె, సాయంత్రం ఇప్పుడు రోడ్డు మీద ఆగే బండ్ల ఫోటోలు, మీరు అడిగే మార్పులు ఒక్కోటి ఒక్కో వాక్యంలో. ఇరు జట్లూ కలిసి సంతకాలు పెట్టండి. సూపర్ మార్కెట్ కావాలన్నవాళ్లకు కూడా వెనక షట్టర్ వద్దు, విడి మెట్లు కావాలి అన్నదాంట్లో అభ్యంతరం ఉండదు. ఒక కాపీ కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్‌కి, ఒకటి కుడాకి, ఒకటి అగ్నిమాపక శాఖకి, ఒకటి మీ కార్పొరేటర్‌కి. ప్రతిదానికీ రసీదు ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే ఆ రసీదు మీదే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు.

మీ ఇంటి విలువ గురించి: నేను చూసినంతలో ఇలాంటి భవనం వెనక ఉన్న గల్లీలో స్థలం రేటు పెరుగుతుంది, ఉండటానికి కొనేవాళ్లు తగ్గుతారు. మడిగెలు వేసుకుందామనో, అపార్ట్‌మెంట్‌కి ఇద్దామనో అడిగేవాళ్లు వస్తారు. అమ్ముకునే ఆలోచన ఉంటే మీకు లాభమే. అక్కడే ఉండిపోవాలనుకుంటే పై అంతస్తుల బాల్కనీలు మీ వాకిట్లోకి చూడకుండా వెనకవైపు సెట్‌బ్యాక్ పూర్తిగా వదిలించుకోండి, మీ పడమటి ఎండ, గాలి ఎంత పోతుందో ఇప్పుడే డ్రాయింగ్ మీద చూసుకోండి. ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ చేతికొచ్చాక అందులో ఏముందో ఇక్కడే రాయండి, మార్పిడి నోటిఫికేషన్ అవసరమైతే అభ్యంతరం ఎలా రాయాలో చెప్తాను.